పుస్తకంలో సున్నా

అనంతపురానికి కాస్త దూరంలో, హైవే పక్కనున్న ఒక విశ్వవిద్యాలయం. బాలికల హాస్టల్ ఆఫీసు గది. ఆగస్టు నెల, పొద్దున పదకొండు గంటలు. వార్డెన్ వనజాక్షి ఎదుట మొదటి సంవత్సరం విద్యార్థిని సువార్త.

"కూర్చో అన్నా కదా."

"పర్వాలేదు మేడం, నిలబడతా."

"నువ్వు నిలబడితే నాకు మెడ నొప్పి. కూర్చో. ఇదేంది, 'కారణం' అనే గడి ఖాళీగా ఉండాదే?"

"పట్టలేదు మేడం."

"రెండు గీతలు ఇచ్చినారు కదా రాసేకి."

"రెండు గీతల్లో పట్టదు మేడం."

"నోటితో చెప్పు అయితే. హాస్టల్ విడిచిపెట్టి రోజూ ఊర్నుంచి వచ్చిపోతానంటే ఊరికే పంపిచ్చరు. రూలు చదివినావా?"

"చదివినా మేడం. మూడుసార్లు."

"ఏమని ఉండాది?"

"మొదటి సంవత్సరం ఆడపిల్లలందరూ హాస్టల్లోనే ఉండల్ల. బయట ఉండేకి మూడే దార్లు. ఒకటి, పెండ్లయి మొగుని ఇంట్లో ఉండేవాళ్ళు. రెండు, డాక్టరు రాసిచ్చిన జబ్బు. మూడు, ఇరవై కిలోమీటర్ల లోపల తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండి, వాళ్ళే ఆఫీసుకొచ్చి ఒప్పుకుంటాన్నామని సంతకం చేస్తే."

"పెండ్లయిందా?"

"అయ్యో, లేదు మేడం."

"జబ్బా?"

"లేదు."

"అయితే మూడోది. మీ నాయన యాడుంటాడు?"

"బెంగళూర్లో మేడం. అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. అమ్మ కూడా ఆడనే."

"బెంగళూరు ఇరవై కిలోమీటర్లకు ఎప్పుడొచ్చింది? నాకు చెప్పనేలేదే."

"ఊర్లో అవ్వ ఉండాది మేడం. రాప్తాడు దాటి లోపలికి పోవల్ల. పద్నాలుగు కిలోమీటర్లు."

"అవ్వ తల్లీ కాదు, తండ్రీ కాదు."

"సంరక్షకులు అని కూడా ఉండాది కదా మేడం."

"దానికి కాగితం ఉండల్ల. సరే, అది తర్వాత. ముందు కారణం చెప్పు. రూమ్‌లో ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు మేడం. మంచోళ్ళు."

"సీనియర్లు?"

"వాళ్ళూ మంచోళ్ళే."

"ఎవరన్నా పిల్లోడా?"

"మేడం!"

"అడగాల్సింది అడుగుతాండా. మొన్న ఒకామె మేనమామ ఇంట్లో ఉంటానని రాసిచ్చింది. పోయి చూస్తే మామ నిజమే, మేన కాదు. సరే, మెస్ బాగలేదా? ఆగు, మెస్ పుస్తకం ఈడనే ఉండాది. సువార్త, సువార్త... ఏమ్మా, మూడు వారాల నుంచి టిఫిన్ గడిలో నీ సంతకం ఒక్కటీ లేదే?"

"ఆకలి కాదు మేడం పొద్దున."

"మూడు వారాలు ఆకలి కాదా? మధ్యాన్నం, రాత్రి ఉండాయి. పొద్దున మాత్రమే లేదు. బేస్తవారం ఉగ్గాని పెడితే సెకండియర్ వాళ్ళు రెండుసార్లు లైన్లో నిలబడతారు. నీకు అదీ పట్టదా?"

"పడతాది మేడం. ఉగ్గాని అంటే నాకు..."

"మరి?"

"ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా కదా మేడం టిఫిన్. అప్పుడు నేను మిద్దె మీద ఉంటా."

"మిద్దె మీద ఏం పని?"

"ఫోను. మెస్‌లో సిగ్నల్ రాదు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కాడ వస్తాది."

"చూసినావా? పిల్లోడు వచ్చినాడు మళ్ళా."

"అవ్వతో మేడం."

"రోజూ అరగంట మీ అవ్వతోనా? నా కూతురు నాతో వారానికి నాలుగు నిమిషాలు మాట్లాడతాది. అందులో రెండు నిమిషాలు 'ఊ' అంటాది."

"మాట్లాడేది కాదు మేడం. వాన అడుగుతా."

"వానా?"

"వాన ఎంత పడిందని."

"అనంతపురంలోనా? దానికి అరగంట ఎందుకమ్మా, అర నిమిషం చాలు."

"మా ఇంటి పక్కన వానడబ్బా ఉండాది మేడం. ఇంత పొడుగు డబ్బా, పైన గరాటు, లోపల గీతల సీసా. పంటల బీమా వాళ్ళు పెట్టినారు, చుట్టూ కంచె వేసి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసా చూసి, ఎన్ని మిల్లీమీటర్లో బీమా వాళ్ళకు ఫోన్లో కొట్టల్ల. మా నాయనకు నాయన, మా అబ్బ యేసన్న పదకొండేండ్లు చూసినాడు. జూన్‌లో ఆయన పోయినాడు. ఊరోళ్ళు నన్ను చూడమన్నారు."

"వాన పడని రోజు?"

"పడకపోయినా పంపల్ల మేడం. సున్నా అని పంపల్ల."

"లేని వానకు రోజూ సున్నా రాయడం కూడా ఒక పనేనా?"

"సున్నా వేరే, ఖాళీ వేరే మేడం. సున్నా అంటే పడలేదని తెలుసు. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని. మా అబ్బ చెప్తాండె, సున్నాలో మనిషి ఉంటాడు, ఖాళీలో ఎవరూ ఉండరని."

"మీ అబ్బ ఏం చదివినాడు?"

"మూడో తరగతి."

"ఊ. చెప్పు."

"శెనక్కాయ విత్తినాక నెల్రోజులు వరసగా సున్నా వస్తే ఊరందరికీ బీమా వస్తాది మేడం. మధ్యలో వాన పడిందని వచ్చిందంటే మొదట్నుంచి లెక్క. మా ఊర్లో నూట అరవై ఇండ్లు."

"ఊర్లో ఇంకెవరూ లేరా చూసేకి? నూట అరవై ఇండ్లలో ఒక మనిషి దొరకడా?"

"దొరుకుతారు మేడం. చూసే ముందు సీసా బోర్లిచ్చి చూస్తారు."

"హహ! సున్నా వచ్చేకా?"

"ఆ. పుల్లన్న అని ఉండాడు, ఒకసారి ఆయనకు అప్పగిచ్చినారు. బయట కుండపోత వాన. మోకాలు లోతు నీళ్ళల్లో నిలబడి సున్నా అన్నాడంట. అప్పటినుంచి ఊరోళ్ళకు నమ్మకం ఇద్దరి మీదే. దేవుని మీద, మా అబ్బ మీద. దేవుని మీద కూడా ఈ మధ్య కొంచెం తగ్గింది."

"అందుకని నువ్వు. సరే, ఫోన్లో జరిగిపోతాంది కదా? మీ అవ్వ చూసి చెప్తాంది, నువ్వు కొడతాండావు. ఊర్లో ఉండాల్సిన పనేముంది? ఆమెకు అంకెలు రావా?"

"వస్తాయి మేడం. అబ్బ నేర్పిచ్చినాడు."

"కండ్లు కనపడవా?"

"సూదిలో దారం ఎక్కిస్తాది."

"మరి? సువార్తా, ఈపొద్దు ఆఖరు తేదీ. నాలుగు గంటలకు ఈ ఫారాలన్నీ పైకి పోతాయి. నువ్వు నోరు తెరవకపోతే నేను 'కారణం లేదు' అని రాసి పంపుతా."

"ఎవరికీ చెప్పరు కదా మేడం?"

"ఎవరికి చెప్తా? మా ఆయనకు చెప్పినా వినడు."

"పోయిన పదైదు దినాల్లో మూడుసార్లు వాన పడిందని చెప్పింది మేడం."

"పడనీ, మంచిదే కదా."

"ఈడ మిద్దె మీద నిలబడి చూస్తే మా ఊరి గుట్ట కనపడతాది మేడం. దానిమీద మబ్బు లేదు. ఒక దినమూ లేదు."

"ఒక్కోసారి పల్లె మీద పడతాది, పక్క పల్లె మీద పడదు."

"నేనూ అట్లే అనుకున్నా. మొదటిసారి ఆరు మిల్లీమీటర్లు అనింది. రెండోసారి ఆరు అనింది. మొన్న మంగళవారం మళ్ళా ఆరు. మూడుసార్లూ ఆరే మేడం. ఏ వాన అయినా అట్ల కొలిచినట్ల పడతాదా?"

"అంటే?"

"రెండో ఆరు తర్వాత సెలవుకు పోయినప్పుడు టీ గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని గరాటులో పోసి చూసినా."

"ఎంత వచ్చింది?"

"ఆరు."

"ఓరి దేవుడా!"

"మెల్లగా మేడం. బయట బెంచీ మీద ఉండాది."

"ఎవరు?"

"అవ్వ. సంతకానికి పిల్చుకొచ్చినా."

"ఈమెనేనా ఆ వానదేవత? మీ అవ్వ నీళ్ళు పోస్తాందని నువ్వు అడగలేదా?"

"ఎట్ల అడిగేది మేడం? మా అవ్వ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాది. నేను మొదటి రెండు ఆర్లూ పంపిచ్చేసినా. మంగళవారానిది పంపలేదు. ఆ పొద్దు నుంచి మూడు దినాలు ఖాళీ. సోమవారం బీమా ఆఫీసరు, అబ్బ రోజూ రాస్తాండిన వాన పుస్తకం చూసేకి వస్తాన్నాడు. ఆ లోపల నేను ఇంటికాడ ఉంటే, ఆయనకు నిజం చెప్పి, ఆ రెండూ తప్పని రాసిచ్చి, రోజూ నేనే చూస్తా. ఊరోళ్ళకు తెలిస్తే అవ్వను ఏమంటారో మేడం. నూట అరవై ఇండ్లు."

"అందుకు రెండు గీతలు చాలలేదా?"

"'మా అవ్వ వానడబ్బాలో నీళ్ళు పోస్తాంది' అని రాయల్నా మేడం?"

"రాసుంటే నేను ఫ్రేమ్ కట్టిచ్చుంటి. ఆగు, నీ అడ్మిషన్ కాగితాలు తీస్తా. ఇదిగో. 'సంరక్షకులు: సుంకమ్మ, నాయనమ్మ.' కింద ఆఫీసు ముద్ర కూడా ఉండాది. ఎవరు రాసినారిది?"

"నేనే. నాయనకు లీవు ఇయ్యలేదు మేడం, అవ్వే వచ్చింది ఆ పొద్దు."

"అయితే కాగితం ఉండాది. రూలు ప్రకారం మీ అవ్వే సంరక్షకురాలు. ఆమె ఒప్పుకుంటే నేను అడ్డం చెప్పేకి లేదు. పిలువు."

"మేడం, నీళ్ళ సంగతి..."

"నేను అడగను పిలువమ్మా."

"అవ్వా! లోపలికి రా. చెప్పులు ఈడ విడవాల్సిన పని లేదు అవ్వా."

"ఉండనీలే పాపా, సదువులమ్మ గది. నమస్కారమమ్మా."

"నమస్కారం పెద్దమ్మా. కూర్చో. ఏమప్పా అటెండరూ, పెద్దమ్మకు నీళ్ళియ్యి."

"వద్దమ్మా, ఇప్పుడే తాగినా. మీ ఈడ నీళ్ళు తియ్యగుండాయి. మా పాప సన్నగయింది, సూసినావా?"

"చూసినా. పెద్దమ్మా, ఈ ఫారం మీద నీ సంతకం కావల్ల. ఇదిగో ఇంకు డబ్బా కూడా ఉండాది, కావల్లంటే..."

"ఏలిముద్ర యాలమ్మా? నాకు సంతకం వస్తాది. మా ఆయప్ప, ఈ పాప అబ్బ, నేర్పిచ్చినాడు. ఎందుకు ఈ కాగితం? పాపకు దుడ్లు ఇస్తారా?"

"కాదు. పాప హాస్టల్ విడిచిపెట్టి మీ ఇంటికి వచ్చేస్తాది. రోజూ ఆడ నుంచే కాలేజీకి వస్తాది. దానికి నువ్వు ఒప్పుకుంటాన్నావని."

"నేను ఒప్పుకోను."

"అవ్వా!"

"ఒప్పుకోనంటే ఒప్పుకోను. పాపా, బస్సులో సంతకం అంటివే గానీ ఇది అని చెప్తివా? పొద్దున ఆటో, సాయంత్రం ఆటో. ఇంటికొస్తే గొడ్డూ గోదా, నీళ్ళూ నిప్పులూ. పుస్తకం యాడ పడతావు? మీ అమ్మ అట్లే సదువు ఇడిసింది. నువ్వు ఈడనే ఉండు. ఏమమ్మా, దీన్ని ఈడనే పెట్టుకోండి, కట్టేసైనా పెట్టుకోండి."

"అవ్వా, వానడబ్బా ఎవరు చూస్తారు?"

"నేను సూస్తాన్నా కదా. రోజూ చెప్తాన్నా కదా."

"పెద్దమ్మా, నేను అడగనని మాటిచ్చినా, అయినా అడుగుతా. మీ ఊర్లో వాన పడిందా ఈ మధ్య?"

"యాడిదమ్మా వాన? నేల పెనం మాదిరి కాల్తాంది. శెనక్కాయ సెట్లు సూస్తే ఏడుపొస్తాది."

"మరి పాపకు మూడుసార్లు ఆరు ఆరు అని చెప్పినావంట?"

"అవ్వా, నీళ్ళు పోసినావా?"

"పోసినా. టీ గలాసుతో పోసినా. అబద్ధం చెప్పలేదు నేను. సీసాలో ఉన్నిదే చెప్పినా. ఆరు ఉన్నింది, ఆరు అన్నా."

"ఎందుకవ్వా?"

"ఎందుకంటే? నువ్వు రోజూ ఫోను చేసి 'ఎంతవ్వా' అంటావు. సున్నా అంటే నీ గొంతు బాయిలో పడిపోతాది. 'అట్లనా అవ్వా' అని పెట్టేస్తావు. ఇంక ఆ పొద్దంతా ఈ పిల్ల తినిందో లేదో, సదివిందో లేదో, చేను ఎండిపోతాందని ఇంటికొస్తానంటాదో ఏమో అని నాకు పొయ్యికాడ సెయ్యి ఆడదు. అందుకని వారానికో గలాసు. మీ అబ్బకూ పోసినా ఒకసారి."

"అబ్బకా?"

"మంచం మీద ఉన్నాడు కదా ఆఖర్న. కండ్లు తెరిస్తే 'ఎంత సుంకీ' అంటాండె. సచ్చిపోయే మనిషికి సున్నా ఎట్ల చెప్పేది? ఒక గలాసు పోసొచ్చి, ఆరు అన్నా. నవ్వినాడు. 'ఆ గలాసు కడిగి టీ పెట్టు, పుస్తకంలో సున్నా రాయి' అన్నాడు."

"ఆయనకు తెలిసిపోయింది."

"పదకొండేండ్లు సూసినోడమ్మా. గలాసుకూ మబ్బుకూ తేడా తెలీదా?"

"అవ్వా, నువ్వు చెప్పిన ఆరు నేను బీమా వాళ్ళకు పంపిచ్చేసినా కదా. రెండుసార్లు పంపిచ్చినా. వాన పడిందని లెక్కలో పడిపోయింది."

"పంపినావా? ఏం పంపినావు?"

"నువ్వు ఫోన్లో చెప్పేది నేను వాళ్ళకు కొడతా అవ్వా. అందుకే కదా రోజూ అడిగేది."

"అందుకా అడిగేది? నా సమాచారం అడుగుతాండావనుకున్నా! 'కూడు తిన్యావా' అని అడిగినట్ల 'వాన పడిందా' అంటాండావనుకున్నా. వాళ్ళకు పుస్తకం ఉండాది కదే పిచ్చిదానా, దాంట్లో నేను రోజూ రాస్తాన్నా కదా."

"పుస్తకంలో రాస్తాండావా? ఏమని?"

"సున్నా అని. మీ అబ్బ సెప్పినట్ల. నీతో మాట్లాడేది నీతో, పుస్తకం పుస్తకం. ఇదో, సంచిలో పెట్టుకొచ్చినా. ఇంట్లో పెడితే మ్యాక తింటాది."

"ఇట్ల ఇయ్యి పెద్దమ్మా, చూస్తా. సున్నా, సున్నా, సున్నా... ఇదేంది, ప్రతి దానికీ పక్కన సంతకం?"

"సూసినోళ్ళు సంతకం పెట్టల్లంట కదమ్మా."

"సువార్తా, ఇటు చూడు. ఒక్క రోజు ఖాళీ లేదు. నువ్వు ఆరు అని పంపిన రోజులు కూడా సున్నానే. సోమవారం ఆఫీసరు వస్తే ఈ పుస్తకం ముందర పెట్టు, ఫోన్లో పోయింది పొరపాటని రాసియ్యి. అయిపోయింది. ఊర్లో ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు."

"అవ్వా..."

"ఏడ్చద్దు, ఏడ్చద్దు. ఆ నీళ్ళు కూడా డబ్బాలో పడతాయి."

"ఇకనుంచి ఫోన్లో పుస్తకంలో ఉన్నిదే చెప్తావా అవ్వా?"

"చెప్తా. సున్నా అంటే నువ్వు గొంతు పడేసుకోకూడదు మళ్ళా."

"పడేసుకోను."

"అయితే ఈ ఫారం పని కూడా అయిపోయింది సువార్తా. ఊరికి పోవాల్సిన కారణమే లేదిప్పుడు. మీ అవ్వ సంతకమూ చేయదు. నేను కొట్టేస్తాన్నా."

"కొట్టేయమ్మా. బంగారట్లా హాస్టలు, ఫ్యాన్లు ఉండాయి, ఏళకు ఏడేడిగా పెడతారంట. రోజూ ఫోన్లో చెప్తాది పాప. నిన్న ఉగ్గాని, మొన్న ఇడ్లీ, అంతకు ముందు దినం పూరీ అని."

"రోజూ చెప్తాదా పెద్దమ్మా?"

"రోజూ. 'తిన్నా అవ్వా, బాగుండె' అంటాది. అది విన్యాకే నేను సంగటి ముద్ద నోట్లో పెడతా."

"సువార్తా."

"మేడం, నాకు క్లాసుకు టైమయింది. వద్దు మేడం."

"ఏంది పాపా వద్దు? ఏమమ్మా, దాని మొగం సూసి ఆగిపోతివి?"

"ఏం లేదు పెద్దమ్మా. మాకూ ఒక పుస్తకం ఉండాది. మెస్ పుస్తకం. తిన్నోళ్ళు సంతకం పెట్టల్ల."

"దాంట్లో పాపది లేదా?"

"నేను ఏమీ చెప్పలేదు."

"పాపా, ఇటు తిరుగు. ఈపొద్దు టిఫిన్ ఏం తిన్యావు?"

"అది అవ్వా, పొద్దున..."

"ఫోన్లో చెప్పేది కాదు. పుస్తకంలో ఉన్నిది చెప్పు."

"సున్నా, అవ్వా."

"ఏమమ్మా, కొట్టేయద్దు. ఆ పెన్ను ఇట్ల ఇయ్యి."